పడుగు కింద దూరని కుక్క

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో కుక్కలకు కొదవ లేదు. పడుగుకు గంజి పెట్టే పొద్దున వాటిని తరమడానికే ఒక మనిషి కావాలి. వీధి పొడుగునా కొయ్యల మీద నడుమెత్తున పోగులు సాగదీసి, ఇంటిల్లిపాదీ కుంచెలతో గంజి పూస్తూ ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తుంటే, కిందికి కారే చుక్కలు నాకడానికి ఎక్కడెక్కడి కుక్కలూ వచ్చి చేరతాయి. వీపు తగిలిందా, తడి పోగులకు బొచ్చంతా అంటుకుంటుంది. ముంగాళ్ళు పైకెత్తి గోరు తగిలించిందా, పోగులు పుటుక్కుమంటాయి. ఇక ఆ రోజు ఆ ఇంట్లో కుక్కకే కాదు, అల్లుడొచ్చినా మర్యాద ఉండదు.

అలాంటి వీధిలో ఉరుకుందప్ప ఇంటి కుక్క కర్రి ఒక్కటే పెద్దమనిషి. దానికి నిండా ఏడాది లేదు. ఒళ్ళంతా నల్లటి ఒత్తు బొచ్చు, తోక చివర సున్నంలో ముంచినట్టు తెల్లచుక్క. పడుగు సాగదీశారంటే చాలు, అది కింద దూరదు, తగలదు, చుక్క నాకదు. అవతలి పక్కకు పోవాలంటే వీధి చివరి దాకా నడిచి, ఆఖరి కొయ్యను చుట్టి, మళ్ళీ అంత దూరమూ వెనక్కి నడిచి వస్తుంది. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు.

"ఏమప్పా ఉరుకుందప్పా, దీన్ని యే బడికి పంపినావు?" అని ఎదురింటి లక్ష్మక్క ఎగతాళి చేసేది.

"నా మగ్గం కాడే సదివింది లేక్కా" అని ఆయన మీసాల చాటున నవ్వుకునేవాడు. తన నేతను మెచ్చుకున్నా ఆయనకు అంత సంబరం ఉండేది కాదు.

ఆ చదువు ఎలా సాగిందో ఎవరూ అడగలేదు. చిన్న పిల్లగా ఉన్నప్పుడు కర్రి పడుగు మీద కాళ్ళు వేసిన ప్రతిసారీ, ఉరుకుందప్ప ఆ పాదాన్ని గుప్పిట్లో పట్టుకుని, పోగుల మధ్య దూర్చే వెదురు బద్దతో వేళ్ళ మీద చురుక్కుమనిపించేవాడు. కుక్క మీద పగతో కాదు. ఆ వీధిలో పిల్లలు కూడా అలా నేర్చుకున్నవాళ్ళే. కర్రి కుయ్యోమని మూలకు పోయేది, కాసేపటికి మళ్ళీ వచ్చి ఆయన మగ్గం గుంత పక్కనే ముడుచుకుని పడుకునేది. నాడె అటూ ఇటూ ఆడే చప్పుడు వినకపోతే దానికి నిద్ర పట్టేది కాదు.

ఇంత మంచి కుక్కకు దిష్టి తగలదా? బసమ్మకు ఆ బెంగ పట్టుకుంది. ఉరుకుందప్ప భార్య అయిన ఆ ఇల్లాలు అందరి కళ్ళూ తన కర్రి మీదే ఉన్నాయని తీర్మానించుకుంది. ఒక మధ్యాహ్నం సంగటి తిని అది ఒళ్ళు మరిచి నిద్రపోతుంటే, నల్ల రంగు నూలు నాలుగు పేటలు పేనింది. మెల్లగా కుడి ముంగాలికి చుట్టి ముడి వేసింది. కాలు కదిపి కర్రి ఉలిక్కిపడి లేచేసరికి పని అయిపోయింది. నేతగాళ్ళ ఇంటి ముడి అది. పడుగులో తెగిన పోగును అతికే ముడి, ఎంత లాగినా జారదు. "ఇంక ఎవురి కండ్లు పడినా నీకేం గాదు పో" అని మెటికలు విరిచింది.

ఆ తర్వాత కర్రి ఎదిగింది. దారం ఎదగలేదు.

నల్ల బొచ్చులో నల్ల దారం ఎవరికి కనిపిస్తుంది? తడిమి చూద్దామంటే ఆ కాలు ఎవరినీ ముట్టుకోనివ్వదు. ఎండలు ముదిరాక కర్రి కుంటడం మొదలుపెట్టింది. ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నారు. కొన్నాళ్ళకు పాదం ఉబ్బింది, వాసన కొట్టింది, ఈగలు ముసిరాయి. అప్పుడు బసమ్మకు గుర్తొచ్చింది. చేతిలో రాట్నం వదిలేసి, "అయ్యో, నా చేతులు ఇరిగిపోనూ!" అని కూలబడింది.

ఉరుకుందప్ప కత్తెర తీసుకుని పోయి, "రారా నాయనా, నేనే కదా" అంటూ కాలు పట్టుకున్నాడు. కర్రి ఆయన్ని కరిచింది. పుట్టినప్పటి నుంచి అది ఎవరినీ కరవలేదు. బొటనవేలి మొదట్లో పళ్ళు దిగాయి. కరిచి, వదిలి, అదే భయపడిపోయి గోడకు కరుచుకుని వణుకుతూ నిలబడింది. ఆయన సర్కారు ఆసుపత్రిలో సూదులు వేయించుకుని వచ్చాడు. నొప్పి చేతికి కాదు, ఇంకెక్కడో ఉంది. 

మర్నాడు చేసిన పని దానికన్నా అన్యాయం. ఆటో నడిపే ఉమామహేశ్, మరో ఇద్దరు కలిసి గోనెసంచి, మోకు తీసుకుని వచ్చారు. మూలకు తరిమి, మీద గోనె కప్పి, పశువుల ఆసుపత్రికి తీసుకుపోదామని పట్టుకుని ఆటోలో వేయబోయారు. కర్రి పెట్టిన కేకకు వీధి వీధంతా బయటికి వచ్చింది. గోనె చింపుకుని, మూడు కాళ్ళ మీదే కంపచెట్లలోకి పారిపోయింది. రోజంతా బసమ్మ ఆ ఎండలో "కర్రీ, కర్రీ" అని అరుచుకుంటూ తిరిగింది. మర్నాడు పొద్దు వాలాక అదే వచ్చింది. ఇంట్లోకి రాకుండా గడప అవతలే నిలబడి ఇద్దరి ముఖాలూ చూసింది.

పశువుల డాక్టరు లక్ష్మీదుర్గ కడప పిల్ల, ఉద్యోగానికి కొత్త. కబురు పంపితే తనే ఇంటికి వచ్చింది. ఆమె దగ్గర మందుల వాసన గుమ్మం దాకా రాగానే కర్రి వెనక గోడ దూకి మాయమైంది. మత్తు మాత్రలు ఇచ్చింది. మాంసం ముక్కలో పెడితే మాంసం తిని మాత్ర ఉమ్మేసింది. ఒకసారి ఎలాగో మింగింది గానీ, తూలుతూ పడుకున్న కుక్క పాదం తాకగానే పిశాచం పట్టినట్టు లేచి కూర్చుంది.

"భయం తలకెక్కిన కుక్కకు మత్తు సరిగా ఎక్కదు పెద్దాయనా" అంది డాక్టరమ్మ. "ఇంకోసారి తరిమినారంటే అసలు ఇంటికే రాదు. ఆ దారం కండలోకి దిగిపోయింటాది. మత్తిచ్చి కోసి తీయాల్సిందే. తీయకపోతే పాదం పోతాది. విషం పైకెక్కిందంటే ప్రాణమే పోతాది."

"మరి ఎట్లమ్మా?" అన్నాడు ఉరుకుందప్ప. "పట్టుకుంటే కరుస్తాది, పట్టుకోకుంటే సస్తాది. నువ్వే జెప్పు, నేనేం జెయ్యాల?"

ఆమె గడప మీద కూర్చుని చెప్పింది. చేయి నేరుగా కాలి మీదికి పోకూడదు. దానికి ఇష్టమైన చోట, మెడ మీదో భుజం మీదో ఆనించాలి. వెంటనే ఇష్టమైన తిండి పెట్టాలి. చేయి తీసేయాలి. అది ఒప్పుకున్నంత వరకే కిందికి జరపాలి. అది ముఖం తిప్పుకున్నా, ఊరికే పెదాలు నాక్కున్నా, ఒళ్ళు బిగించినా ఆపేయాలి.

"అవన్నీ అది 'వద్దు' అని చెప్పేదే. వద్దన్నప్పుడు మనం ఆగితే దానికి కరవాల్సిన పనుండదు. ఇట్లా నేర్పితే సూదికి కూడా తనే వచ్చి నిలబడే కుక్కలుండాయి."

"ఎన్నాళ్ళు పడుతాది?"

డాక్టరమ్మ వెనక గోడ వైపు చూసింది. "పిల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టింటే ఆటలోనే నేర్చుకునేది. ఇప్పుడు నెలలు పడుతాది. మనకు అన్ని దినాలు లేవు. అయినా చేయండి, వేరే దారి లేదు. ఎప్పుడైనా పాదం చేతికిచ్చిందంటే నాకు ఫోన్ చేయండి" అంది.

ఆ సాయంత్రం ఉరుకుందప్ప వెదురు బద్దను పొయ్యిలో పెట్టాడు. అది కాలిపోవడం కర్రి చూడలేదు. చూసినా ఏం లాభం? బద్ద కాలింది గానీ, ఆ బద్ద పట్టిన చెయ్యి ఆయనకు ఉండనే ఉంది.

మగ్గం ఆగిపోయింది. ఉరుకుందప్ప పొద్దున్నే గిన్నెలో గంజి పోసుకుని గడప దగ్గర కూర్చునేవాడు. పడుగు కింద చుక్క నాకనివ్వని అదే గంజి. కర్రి మొదటిసారి గిన్నెలోకి చూసి, ఆయన కుడిచేతిలోకి చూసి, చుట్టూ చూసింది. బద్ద ఎక్కడుందో వెతుకుతోందని ఆయనకు అర్థమైంది. రెండు చేతులూ చాపి చూపించాడు. 

మెడ మీద చెయ్యి వేయనిచ్చింది. గంజి తాగింది. భుజం మీద ఆనించనిచ్చింది. తాగింది. చెయ్యి మోచేతి దాకా జారేసరికి ముఖం తిప్పుకుంది. ఆయన ఆపేశాడు. ఇంతకు ముందు ఇన్ని వందల సార్లు అది ఇలా ముఖం తిప్పుకుని ఉంటుంది, ఒక్కసారైనా తను చూశాడా? పోగులో పోగు తేడా వస్తే దూరం నుంచే పట్టే కళ్ళు ఇవి. ఎందుకు, కాల్చనా వీటిని అనుకున్నాడు.

బసమ్మకు ఓపిక లేదు. "ఇట్లా నిమురుకుంటా కూసుంటే అది కుళ్ళిపోతాండాది కదయ్యా! గట్టిగా పట్టుకో, నేను తెంచుతా" అంది.

"పట్టుకుంటే ఏమైందో సూడలేదా? గమ్మునుండు."

"నీ బద్ద వల్లనే కదా ఇంత!"

"దారం నేను కట్టిన్నా?"

అంతే.  కర్రి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తప్పు తనదే అన్నట్టు తోక కాళ్ళ మధ్య దోపుకుంది. బసమ్మ లోపలికి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు ఉరుకుందప్పకు వినబడింది గానీ లేచి పోలేదు. పోయి ఏం చెప్పాలి?

ఒకరోజు మోచేయి దాకా. ఇంకోరోజు దానికి కాస్త కింద. మళ్ళీ ఈగ కుట్టి నొప్పి లేచిందంటే సంపాదించుకున్నదంతా పోయి మెడ దగ్గర మొదలు. అంతలో పాదం రంగు మారుతోంది. ఈయన చెయ్యి కిందికి దిగుతుంటే వాపు పైకి వస్తోంది. ఆ అహోబిలం నరసింహుడికి మొక్కుకున్నాడు, ఉరుకుంద ఈరన్న పేరు పెట్టుకున్నందుకు ఆ దేవుడికీ మొక్కుకున్నాడు. "నాకింగేం వద్దు సామీ, దాని కాలు నా చేతికి ఇప్పియ్యి" అని.

ఎన్నాళ్ళని మగ్గం ఖాళీగా పెడతారు? ఆ శుక్రవారం పొద్దున్నే లక్ష్మక్క వాళ్ళ సాయంతో బసమ్మ కొత్త పడుగును వీధిలో సాగదీసింది. కుంచెలు తిరుగుతున్నాయి. ఉరుకుందప్ప మాత్రం గడప దగ్గరే గిన్నెతో కూర్చున్నాడు. కర్రి గోడ వారగా పడుకుని ఉంది.

మెడ మీద చెయ్యి వేశాడు. ఊరుకుంది. భుజం మీదికి తెచ్చాడు. ఊరుకుంది. మోచేయి, దాని కింద, ఇంకా కింద. కర్రి ముఖం తిప్పలేదు, పెదాలు నాకలేదు, ఒళ్ళు బిగించలేదు, గుర్రుమనలేదు. ఆయన ఊపిరి బిగబట్టి, ఆ ఉబ్బిన పాదం కింద అరచెయ్యి పెట్టి పైకెత్తాడు. కర్రి పాదం ఆయన చేతిలో వచ్చి పడింది.

"బసమ్మా! ఇచ్చింది మే! కాలు ఇచ్చిందే!"

బసమ్మ కుంచె పారేసి పరిగెత్తుకొచ్చింది. చూసి, రెండు చేతులూ జోడించింది. "నా బంగారు కొండా, నా తండ్రీ" అంటూ దాని తల నిమిరింది. లక్ష్మక్క వచ్చింది, చుట్టుపక్కల నలుగురూ వచ్చారు. "ఏమో అనుకున్యాం గానీ సాధించినావప్పా ఉరుకుందప్పా" అన్నారు. ఇన్నాళ్ళ తర్వాత ఆయన ముఖంలో నవ్వు కనిపించింది. చెయ్యి కదిపితే ఎక్కడ లాక్కుంటుందో అని, ఆ పాదాన్ని అలాగే పట్టుకుని, ఉమామహేశ్‌తో డాక్టరమ్మకు ఫోన్ చేయించాడు.

"కాలు ఇచ్చిందమ్మా! ఒక్క మాట కూడా అనలేదు! నువ్వు జెప్పినట్టే జేసినా!"

అవతల డాక్టరమ్మ సంతోషించలేదు. "నిన్న ఎంత దాకా ఇచ్చింది?" అని అడిగింది.

"మోచేతి కింద దాకా."

"ఈ పొద్దు గంజి తాగిందా?"

ఉరుకుందప్ప గిన్నె వైపు చూశాడు. పోసిన గంజి పోసినట్టే ఉంది. మీద మీగడ కట్టింది. "ల్యా, తాగలా" అన్నాడు.

"పై పెదవి ఎత్తి చూడండి. చిగుళ్ళు ఏం రంగుండాయి?"

పెదవి ఎత్తాడు. దానికీ ఊరుకుంది. "తెల్లగా ఉండాయమ్మా" అన్నాడు. 

"పెద్దాయనా, అది ఒప్పుకోలేదు. వద్దని చెప్పేదానికి దానికి సత్తువ లేదు. విషం ఒంట్లోకి ఎక్కింది. ఇప్పుడే తీసుకురండి, నేను అన్నీ సిద్ధంగా పెడతాను. ఒక్క నిమిషం కూడా ఆగొద్దండి."

ఫోన్‌లో మాట చుట్టూ ఉన్న అందరికీ వినిపించింది. అప్పటిదాకా మెచ్చుకున్నవాళ్ళు దారి ఇస్తూ పక్కకు జరిగారు. బసమ్మ కర్రి తల మీద చెయ్యి తీసేసింది, మళ్ళీ వేసింది.

ఉమామహేశ్ ఆటో తెచ్చాడు. ఇంటి వైపు మురుగు కాలువ ఉంది కాబట్టి పడుగుకు అవతలి పక్కన నిలిపాడు. ఉరుకుందప్ప కర్రిని రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. తేలిగ్గా ఉంది. ఇంత తేలిగ్గా ఎప్పుడైందో అనుకున్నాడు. దగ్గరి దారని, వంగి, పడుగు కింద నుంచి దూరబోయాడు.

తడి పోగులు దాని తల మీదికి వచ్చాయో లేదో, ఎక్కడ దాగుందో ఆ సత్తువ, కర్రి ఒక్క పెనుగులాట పెనుగులాడి ఆయన చేతుల్లోంచి కింద పడింది. పడి, లేచి, పాక్కుంటూ ఇవతలికి వచ్చేసింది. ఆయన మళ్ళీ చేతులు చాపాడు. పడుగు పక్కన చాచిన ఆ చేతులు చూసి పళ్ళు బయటపెట్టింది. ముంగాళ్ళు రెండూ పొట్ట కిందికి లాక్కుంది.

"ల్యా నాయనా, కొట్టను. కొట్టనురా. రా."

రాలేదు. ఆయనే పడుగు కింద దూరి అవతలికి పోయి, మోకాళ్ళ మీద కూర్చుని పిలిచాడు. "ఇట్లా కిందనే దూరి రా కర్రీ. తగిలితే తగలనీ. తెగితే తెగనీలే. నేనేమీ అనను, రారా!"

కర్రి ఆయన్ని చూసింది. తోక చివరి తెల్లచుక్క కాస్త కదిలింది. యజమాని పిలుస్తున్నాడు, పోవాలి. లేచి నిలబడింది. తనకు నేర్పిన దారి పట్టింది. మూడు కాళ్ళ మీద, పడుగు వెంబడి, దూరంగా కనిపించే ఆఖరి కొయ్య వైపు నడవడం మొదలుపెట్టింది.

"ఓయమ్మా, అది చుట్టు తిరిగి వస్తాండాదే!" అని లక్ష్మక్క నోరు కొట్టుకుంది.

ఇవతల బసమ్మ, అవతల ఉరుకుందప్ప దాని పక్కనే నడిచారు. బసమ్మ చెయ్యి చాపితే పక్కకు జరిగిపోయింది. ఉమామహేశ్ ముందుకు పోయి అడ్డం నిలబడితే గుర్రుమని తప్పుకుంది. నాలుగు అడుగులు వేసి ఆగుతోంది. రొప్పుతోంది. మళ్ళీ నడుస్తోంది. ఆఖరి కొయ్య దాకా పోయేంత ఊపిరి దానిలో లేదని చూసేవాళ్ళందరికీ తెలుస్తూనే ఉంది. దానికి తెలియడం లేదు.

ఉరుకుందప్ప చూడలేకపోయాడు. "ఎవురు నేర్పించినారే నీకు ఇట్లాంటి సదువు!" అని అరిచి, పక్కనున్న కొయ్యను కాలితో తన్నాడు. రెండో కొయ్యను చేత్తో పీకాడు. పడుగును బిగించి కట్టిన మోకు సడలింది. బిగించిన పడుగు మొత్తం ఒక్కసారిగా కుంగి, గంజి తడితో దుమ్ములో పడింది. బసమ్మ పోగుల వైపు చూడలేదు, కర్రి వైపే చూసింది.

ఇప్పుడు అడ్డం లేదు. నాలుగు అడుగులు వేస్తే ఆయన దగ్గరికి వస్తుంది. "రా, ఇంగ దారి ఉండాది కదా, రా" అని చేతులు చాపాడు.

కర్రి తన ముందు నేల మీద పరుచుకున్న పోగులను చూసింది. ఎటు చూసినా పోగులే. కాలు పెట్టడానికి చోటు లేదు. పైకెత్తిన ముంగాలు గాల్లోనే వణికింది. వెతికింది, వెతికింది, ఇక నిలబడలేక అక్కడే పోగుల అంచున పడుకుంది. పడుకుంటూ కూడా, ఒక్క పోగుకు తగలకుండా, ఆ కుళ్ళిన కాలిని మెల్లగా వెనక్కి లాక్కుంది.

ఉరుకుందప్ప తన పడుగును తనే తొక్కుకుంటూ వచ్చి దాని పక్కన కూలబడ్డాడు. దాని పాదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కర్రి ముఖం తిప్పలేదు, గుర్రుమనలేదు. ఉమామహేశ్ ఆశగా, "ఇప్పుడు ఇచ్చింది మామా, బిర్నా ఎత్తుకో" అన్నాడు.

ఇవ్వలేదని ఆయనకు తెలుసు. ఎత్తుకుని ఆటో వైపు నడిచాడు.